ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయిన మామ

వాట్సాప్ గ్రూపుల్లో ఒక చిన్న సంగతి ఉంది, గమనించారా? మనం పెట్టిన మెసేజ్‌కి రెండో టిక్కు రావాలంటే గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరి ఫోనుకూ అది చేరాలి. ఒక్క ఫోను ఆఫ్‌లో ఉన్నా ఒక్క టిక్కే.

మా గ్రూపులో పద్దెనిమిది రోజులు ఒక్క టిక్కే ఉండింది. ఎవరు ఏం పెట్టినా అంతే. ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో, ఒక పాత ఫోను చార్జింగ్ అయిపోయి అల్మారాలో పడుంది. దాని ఓనరు మాత్రం లేడు. గుండెపోటు, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది.

ఆయన్ని గ్రూపులోంచి తీసేద్దామని ఎవరూ అనలేదు. అడ్మిన్ నేనే. నా వేలు అటువైపు కూడా పోలేదు.

మేమంతా ఆయన్ని మామ అనే పిలిచేవాళ్లం. ప్రొద్దుటూరులో నగలకు మెరుగు పెట్టే పని. పగలంతా తల వంచుకుని బంగారం, రాత్రి తల ఎత్తి కుంగ్‌ఫూ సినిమా. యాభై ఎనిమిదేళ్ల జీవితంలో హాంకాంగ్ సంగతి అట్లుంచండి, చెన్నై దాటి పోలేదు. కానీ ఏ సినిమాలో ఎవరు ఎవరికి డూపు వేశారో, ఏ తన్ను నిజంగా తగిలిందో, ఏది కెమెరా మాయో ఆయన్ని అడగాల్సిందే.

నాది జమ్మలమడుగు. ఇంజనీరింగ్ పులివెందుల జేఎన్టీయూలో చదివా. ఒకరోజు హాస్టల్‌లో ల్యాప్‌టాప్ చుట్టూ పదిమందిమి కూర్చుని ‘బ్రూస్ లీ సినిమా’ చూస్తున్నాం. సగంలో గొడవ మొదలైంది, ఇతను బ్రూస్ లీ అవునా కాదా అని. మా రూమ్మేట్‌ది ప్రొద్దుటూరు. ‘మా వీధిలో ఒకాయన ఉండాడు, ఆయనకి పంపిద్దాం’ అని ఒక ఫొటో పంపాడు. రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

‘అది బ్రూస్ లీ కాదురా నాయనా, బ్రూస్ లై. తైవాన్ మనిషి. పెద్దాయన పోయినాక ఆ పేరు మీద బతికినోళ్లు చానామంది ఉండారు. ముందు నడక సూడండి, కొట్టుడు తర్వాత సూద్దురు.’

అట్లా పుట్టింది మా గ్రూపు. మూడు ఊళ్ల పిల్లలం. తర్వాత ఉద్యోగాలొచ్చి బెంగళూరు, హైదరాబాద్, దుబాయ్ అంటూ చెదిరిపోయాం. గ్రూపు మాత్రం చెదరలేదు. సగం మంది మామని ఎదురుగా ఒక్కసారి కూడా చూడలేదు. గొంతు ఒక్కటే తెలుసు.

ఆ గొంతులోంచే మాకు చాలా తెలిసింది. బ్రూస్ లీ 1973 జూలై 20న చనిపోయాడు, అప్పటికి ముప్పై రెండేళ్లే. ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదల కూడా చూడలేదు. పెద్దయ్యాక హీరోగా పూర్తి చేసిన కుంగ్‌ఫూ సినిమాలు నాలుగే: ‘ది బిగ్ బాస్’ (1971), ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ (1972), ‘ది వే ఆఫ్ ది డ్రాగన్’ (1972), ‘ఎంటర్ ది డ్రాగన్’ (1973). సగంలో ఆగిన ‘గేమ్ ఆఫ్ డెత్’ని డూపులతో నింపి 1978లో వదిలారు. మిగతా బ్రూస్ లై, బ్రూస్ లె, డ్రాగన్ లీ అంతా ఆయన పోయాక మొలిచిన పేర్లు. మన ఊళ్లలో మాత్రం అందరూ ఒకే బ్రూస్ లీ. పోస్టర్ మీద పేరు పెద్దక్షరాల్లో ఉంటే చాలు, టికెట్ తెగేది.

‘ఎంటర్ ది డ్రాగన్’లో గుహ ఫైటు గుర్తుందా? బ్రూస్ లీ ఒకడి జుట్టు పట్టుకుని మెడ విరిచేస్తాడు. ఆ ఒకడు జాకీ చాన్. అప్పటికి పేరు లేని స్టంట్ కుర్రాడు. ఈ సంగతి ఇప్పుడు ఏ రీల్‌లోనైనా దొరుకుతుంది. రీల్‌లో దొరకనిది మామ తర్వాత అన్న మాట: ‘ఆ పిల్లోడు కింద పడింది సూడబ్బీ. పడటం కూడా పనే. అంత బాగా పడినాడు కాబట్టే తర్వాత లేచి నిలబడినాడు.’

అప్పుడు నాకు మొదటి ఉద్యోగం. కోడ్ రివ్యూలో రోజూ తిట్లు తింటున్నా. ఆ మాట నాకోసమే అన్నాడో ఏమో తెలీదు.

ఇంకోసారి అడిగా, మన సినిమాల్లో ఫైట్లు ఎన్ని పెట్టినా ఆ ఊపు ఎందుకు రాదు మామా అని. ‘చెక్కభజన సూసినావా? అడుగు ఆగితేనే గదా మళ్ల పడే అడుగు తెలిసేది. వాళ్లు ఆగుతారు. ఒక్క సెకను బొమ్మ మాదిరి నిలబడతారు. టపటపా నాలుగు. మళ్ల ఆగుతారు. మనోళ్లు ఆగరు’ అన్నాడు.

కొన్నేళ్లకి డేవిడ్ బోర్డ్‌వెల్ గురించి చదివా. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో సినిమా పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. హాంకాంగ్ సినిమాల మీద 2000లో ‘ప్లానెట్ హాంకాంగ్’ అని పెద్ద పుస్తకం రాశాడు. అక్కడి ఫైట్లకి ఆయన చెప్పిన సూత్రం ఇదే: ఆగడం, విరుచుకుపడటం, మళ్లీ ఆగడం. నాకు ఒళ్లు జలదరించింది. ఒకాయన ఎడిటింగ్ టేబుల్ మీద ఫిల్ము తిప్పి తిప్పి కనిపెట్టింది, ఇంకొకాయన ప్రొద్దుటూరులో చెక్కభజన లెక్కతో పట్టుకున్నాడు.

బోర్డ్‌వెల్ 2024 ఫిబ్రవరి 29న పోయాడు. ప్రపంచమంతా సినిమా పిచ్చోళ్లు బాధపడ్డారు. కానీ ఆయన పుస్తకాలు ఉన్నాయి, వ్యాసాలు ఉన్నాయి, ఆయన పాఠాలు విని ప్రొఫెసర్లయిన శిష్యులు ఉన్నారు.

మామకి ఉన్నది ఒక లాంగ్ నోట్‌బుక్కు.

దాంట్లో ఏముందో ఆయనే చెప్పాడు. మన వైపు హాళ్లలో ఆడిన కుంగ్‌ఫూ సినిమాల పట్టిక. పోస్టర్ మీద వేసిన పేరు ఒకవైపు, దాని అసలు పేరు ఇంకోవైపు. ఏ ఊరు, ఏ హాలు, ఎన్ని రోజులు ఆడింది. ఇంటర్వెల్ ఎక్కడ కొట్టారు. ఏ రీలు తెగిపోతే జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఇవి ఏ వెబ్‌సైట్‌లోనూ లేవు, నేను వెతికా.

‘అబ్బీ, నీకు కంప్యూటర్ పని తెలుసు గదా, దీన్ని దాంట్లోకి ఎక్కిస్తావా?’ అని అడిగాడు. ఎక్సెల్ షీటు. నా పనిలో అది గంటల లెక్క. ‘దసరాకి వస్తా మామా, కూర్చుని చేసేద్దాం’ అన్నా. దసరాకి వెళ్లా. ప్రొద్దుటూరు దసరా అంటే తెలుసు కదా, అమ్మవారిశాల చుట్టూ ఇసకేస్తే రాలని జనం. ఫ్రెండ్స్‌తో తిరిగా, తిన్నా, బస్సెక్కా. మామ ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక.

తర్వాతి దసరాకి రిలీజ్ ఉందని ఊరికే పోలేదు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. నా ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అని వచ్చినప్పుడల్లా నేను చేసే మొదటి పని గ్రూపుల మీడియా తుడిచెయ్యడం. మామ వాయిస్ మెసేజ్‌లు దాంట్లోనే పోయాయి. డేటాబేస్ బ్యాకప్ రాసే ఉద్యోగం నాది. క్లయింట్ డేటాకి మూడు కాపీలు పెడతా. మామ గొంతుకి ఒక్కటీ పెట్టలేదు.

2025 మార్చి 25న చెన్నైలో షిహాన్ హుస్సేనీ బ్లడ్ క్యాన్సర్‌తో పోయారు. పవన్ కళ్యాణ్‌కి కరాటే నేర్పిన గురువు. మీలో చాలామంది ఆ పేరు ఆరోజే విని ఉంటారు, పవన్ సంతాపం చెప్పినప్పుడు. మా గ్రూపులో మామ ఆ రాత్రి ఏడు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. బాలచందర్ తీసిన ‘పున్నగై మన్నన్’లో (1986) హుస్సేనీ మొదటిసారి కనిపించడం దగ్గర మొదలుపెట్టాడు. మన ‘తమ్ముడు’ (1999) తమిళంలో విజయ్‌తో ‘బద్రి’ (2001) అయినప్పుడు హీరోకి బాక్సింగ్ నేర్పే వేషం వేసింది ఈయనే అని చెప్పాడు. పవన్ గురువు పవన్ సినిమా రీమేక్‌లో ఇంకో హీరోకి గురువయ్యాడన్నమాట! అక్కణ్నుంచి సుమన్, భానుచందర్ దాకా పోయాడు. కరాటే నేర్చుకుని వచ్చిన హీరోలు వాళ్లు, ఎనభైల్లో మన ఊళ్లలో పిల్లోళ్లంతా మిద్దెల మీద తన్నులు ప్రాక్టీసు చేసింది వాళ్లని చూసే అని నవ్వాడు.

ఏడో మెసేజ్ నాకు బాగా గుర్తు. చైనాలో వాంగ్ ఫెయ్-హంగ్ అని ఒక గురువు. ఆయన శిష్యుడు లామ్ సాయ్-వింగ్. ఆయన దగ్గర నేర్చుకున్నది లావ్ చామ్. ఆ లావ్ చామ్ కొడుకే లావ్ కార్-లియుంగ్, ‘36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్’ (1978) తీసిన డైరెక్టర్. ఆ సినిమాలో హీరో శత్రువుల్ని కొట్టేది చాలా ఆలస్యంగా. అంతవరకూ నీళ్లు మోస్తూ, తలతో మూటలు గుద్దుతూ నేర్చుకోవడమే. ‘సూడబ్బీ, నాలుగు తరాలు చేతిలోంచి చేతికి వచ్చింది కాబట్టే తెర మీదకి ఎక్కింది. మధ్యలో ఒకడు రేపు సూద్దాంలే అనుంటే?’

ఆ మెసేజ్‌కి నేను ఒక దండం ఎమోజీ పెట్టా. అంతే.

ఇదంతా ఒక అభిమాని గోల, దీనికింత బాధ ఎందుకు అనుకుంటున్నారా? మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సంగతి చూడండి. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు, పండగ చేసుకున్నారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి, అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. మొదటి సినిమా పుట్టినరోజే తప్పు చెప్పుకున్నాం మనం! మరి ప్రొద్దుటూరులో ఏ హాలులో ఏ డబ్బింగ్ సినిమా ఎన్ని రోజులు ఆడిందో ఎవరు రాసిపెడతారు? మామలాంటి వాళ్లే. వాళ్ల దగ్గర కూర్చుని ఎక్కించుకోవాల్సింది మనం.

పద్దెనిమిదో రోజు మేం ఆరుగురం వాళ్లింటికి వెళ్లాం. నేను బెంగళూరు నుంచి, ఇద్దరు పులివెందుల నుంచి, మిగతా వాళ్లు జమ్మలమడుగు నుంచి. గుమ్మం దగ్గర ఒకరి మొహాలు ఒకరం కొత్తగా చూసుకున్నాం. మామ కొడుకు నోట్‌బుక్కు వెతికి తెచ్చాడు. ఫోను కూడా తెచ్చి, ‘దీంట్లో ఏమన్నా ఉంటాయేమో సూడన్నా’ అని చార్జింగ్ పెట్టాడు.

ఆన్ అయిన నిమిషానికి మోత మొదలైంది. టింగ్, టింగ్, టింగ్. ఆగలేదు. పద్దెనిమిది రోజుల మెసేజ్‌లు. దుబాయ్ వాడు ఏడుస్తూ పెట్టిన వాయిస్, ఎవరో వేసిన పెన్సిల్ బొమ్మ, ‘మామా లెయ్యి’ అని అర్ధరాత్రి పెట్టిన ఒక్క లైను. నా జేబులో ఫోను తీసి చూశా. అన్నిటికీ రెండో టిక్కు పడింది.

అత్త లోపల్నుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ‘రాత్రిపూట ఆ ఫోను పట్టుకోని ఎవురితో మాట్లాడ్తాండాడో అని తిట్టేదాన్ని నాయనా. ఈయప్పకి ఇంతమంది ఉండారని నాకు తెల్దు’ అంది.

మాలో ఎవరికీ మాట రాలేదు. కాసేపటికి ఆమే ‘కాఫీ తాగుతారా’ అని లోపలికి పోయింది.

నోట్‌బుక్కు నూట నలభై పేజీలు. అన్నీ ఫొటోలు తీశాం. తలా పాతిక పేజీలు పంచుకుని టైప్ చేస్తున్నాం. ‘గంటల లెక్క’ అనుకున్నా కదా, ఒక్క పేజీకే ఒక సాయంత్రం పడుతోంది. కొన్ని చోట్ల మామ చేతిరాత అర్థం కావడం లేదు. ఒక సినిమా పక్కన ‘సూడు’ అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఏం చూడమన్నాడో తెలీదు. ఆ సినిమా నేను ఇప్పటికి మూడుసార్లు చూశా.

మీ వీధిలోనూ ఇట్లాంటి మామ ఒకరు ఉంటారు. సినిమా పిచ్చే కానక్కర్లేదు. పాత క్రికెట్ స్కోర్లు కావచ్చు, చెక్కభజన అడుగులు కావచ్చు, బస్సు రూట్లు కావచ్చు. ఆయన వాయిస్ మెసేజ్ మీ ఫోన్‌లో ఉంటే ఈరోజే వేరేచోట ఒక కాపీ పెట్టండి. ఆయన ఏదైనా అడిగి, మీరు ‘దసరాకి చూద్దాం’ అని ఉంటే, ఈ శనివారం బస్సెక్కండి.