నీలగిరి చిత్తడిలో దేనిని లెక్కించాలి?

కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పిల్లూరు జలాశయం నుండి అందే భవానీ నీరు నీలగిరులలో పుట్టినది. ఆ కొండల నడుమ పల్లపు నేలల్లో గడ్డీగాదం పూర్తిగా కుళ్లక, వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకొని నల్లని పీట్ మట్టిగా మారింది. అది వాననీటిని పీల్చుకొని మెల్లగా వదులుతుంది.

ఇక్కడి జీవవైవిధ్యాన్ని కొలవడానికి నేలపై గడులు గీసి మొక్కల జాతులను, కూతలను బట్టి కప్పలను లెక్కిస్తారు. గతాన్ని మట్టి పొరలు చెబుతాయి. చెట్ల కర్బనానికీ గడ్డి కర్బనానికీ గల తేడాను బట్టి 20 వేల ఏళ్ల వాతావరణ మార్పులను రామన్ సుకుమార్ బృందం 1993లో 'నేచర్' పత్రికలో వివరించింది.

అయితే జాతుల సంఖ్య ఒక్కటే చాలదు. చిత్తడి ఎండితే మెట్ట మొక్కలు చేరి సంఖ్య పెరిగినట్లే కనిపించవచ్చు. చిత్తడినే నమ్ముకున్న జాతులు మాత్రం కనుమరుగవుతాయి. గాలి సోకిన పీట్ క్రమంగా కరిగిపోతుంది. తిరిగి ఏర్పడటానికి వేల ఏళ్లు పడుతుంది. కనుక ఎన్ని జాతులున్నాయన్నదానితో పాటు ఏవి మిగిలాయో, నేలలో నీటిమట్టం ఎంత ఉందో ఏటేటా అదే చోట నమోదు చేయాలి. దిగువ పల్లెలు అడగవలసిన లెక్క అదే.