ఐపీవీ6 ఆగింది మన దగ్గరే

"ఐపీవీ4 అడ్రసులు అయిపోతున్నాయ్, ఇక అందరూ ఐపీవీ6కి మారాల్సిందే" అన్న మాట మనలో చాలామందిమి ఇంజనీరింగ్ నెట్‌వర్క్స్ సబ్జెక్టులోనే చదివాం. హెడర్ బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. తీరా ఉద్యోగంలో చేరి చూస్తే... అన్నీ 10తోనో 192.168తోనో మొదలయ్యే అడ్రసులే! మరి ఆ ఐపీవీ6 ఏమైనట్టు? ఫెయిలైనట్టేనా?

కాదనే నేనంటాను. మన జేబులో ఫోన్లలోకి అది ఎప్పుడో వచ్చేసింది. రానిదల్లా మన ఆఫీసుల్లోకీ, మనం రాసే కోడ్‌లోకీ.

ముందు కాస్త పాత కథ. ఐపీవీ4 స్పెసిఫికేషన్ 1981 నాటిది. అడ్రసుకి 32 బిట్లు, అంటే మొత్తం 429 కోట్ల చిల్లర. అప్పట్లో అది అక్షయపాత్రలా కనబడింది కాబట్టి అడిగినవాళ్ళకి అడిగినన్ని ఇచ్చేశారు. ఎంఐటీ అనే ఒక్క విశ్వవిద్యాలయం చేతిలోనే 1.67 కోట్ల అడ్రసులుండేవి. అందులో చాలా భాగం వాడనే లేదని చెప్పి, 2017లో సగం దాకా అమ్మకానికి పెట్టింది. 140 కోట్ల జనమున్న మన దేశానికి వచ్చినవెన్నో తెలుసా? ఓ నాలుగు కోట్లు, అటూ ఇటూగా. పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతికి కూర్చున్నవాళ్ళకి గారెలు అయిపోయినట్టన్నమాట.

ఈ కరువు వస్తుందని ముందే తెలుసు. 128 బిట్ల ఐపీవీ6 తొలి స్పెసిఫికేషన్ 1995లోనే వచ్చేసింది. 2011 ఫిబ్రవరిలో ఐయానా దగ్గరున్న ఐపీవీ4 నిల్వ అయిపోయింది. అదే ఏడు ఏప్రిల్‌లో మన ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ రేషన్ పెట్టేసింది. అయినా ఇంటర్నెట్ ఆగలేదు. ఎందుకంటే నాట్ ఉంది కదా!

నాట్ అంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. బయటికి ఒకటే డోర్ నంబరు, లోపల ఎవరి ఉత్తరం ఎవరికివ్వాలో వాచ్‌మన్ చూసుకుంటాడు. ఒక అపార్ట్‌మెంట్‌కైతే బాగానే ఉంది. ఇప్పుడు ఊరంతటికీ ఒకడే వాచ్‌మన్! వందల మంది కస్టమర్లు ఒకే ఐపీవీ4 అడ్రసు వెనకాల ఉంటున్నారు. వాళ్ళలో ఒకడు వెధవ పని చేసి ఆ అడ్రసు బ్లాక్ అయితే, మిగతావాళ్ళందరికీ సైటు బంద్. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. సర్వర్ లాగ్‌లో సోర్స్ పోర్టు రాసుకోకపోతే ఆ పని చేసినవాడెవడో పట్టుకోవడం కష్టం. ఏ సంబంధమూ లేనివాడి మీదికి అనుమానం పోవచ్చు. ఇది సరదా విషయం కాదు.

మరి మారడానికి ఇన్నేళ్ళెందుకు? ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 చేర్చిన రోజులు గుర్తున్నాయా? ఎక్స్‌చేంజిలో మార్చారు, పాత ఫోన్ అలాగే పనిచేసింది. ఐపీవీ6 అలా కాదు. ఐపీవీ4 మాత్రమే తెలిసిన యంత్రం ఐపీవీ6 యంత్రంతో నేరుగా మాట్లాడలేదు. కాబట్టి రెండూ పక్కపక్కనే నడపాలి, లేదా మధ్యలో దుబాసీని పెట్టాలి. రెండు నడిపితే రూటింగ్ రెండు, ఫైర్‌వాల్ రూల్స్ రెండు, అర్ధరాత్రి ఏదైనా పడిపోతే వెతకాల్సిన చోట్లూ రెండు. ఖర్చేమో ముందు మారినవాడికి, లాభం అందరూ మారాక! ఏ మేనేజరు ఒప్పుకుంటాడు చెప్పండి?

తప్పనిసరైన చోట మాత్రం ఇట్టే జరిగిపోయింది. 2016లో జియో వచ్చినప్పుడు కోట్లాది కొత్త ఫోన్లకి ఇవ్వడానికి ఐపీవీ4 ఎక్కడుంది? మొదట్నుంచే ఐపీవీ6 పెట్టుకున్నారు. గూగుల్ లెక్కల్లో ఇవాళ ఐపీవీ6 వాడకంలో ముందున్న దేశాల్లో మనదొకటి. ఆపిల్ కూడా 2016 జూన్ నుంచి, ఐపీవీ6 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో నడవని యాప్‌ని స్టోర్‌లోకి రానివ్వనంది. అంతే, డెవలపర్లు చచ్చినట్టు సరిచేసుకున్నారు.

ఇక మన సంగతి. డేటాబేస్‌లో ఐపీ అడ్రసు కాలమ్‌కి 15 అక్షరాలు. నాలుగు చుక్కల అంకెల్ని మాత్రమే ఒప్పుకునే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఒకే ఐపీవీ6 అడ్రసుని సున్నాలు కుదించీ, కుదించకుండా రెండు మూడు రకాలుగా రాయొచ్చని తెలీక స్ట్రింగులుగా పోల్చేయడం. ఒక్కో అడ్రసుకి లెక్కగట్టే రేట్ లిమిట్ (మామూలు ఇంటి కనెక్షన్‌కి కూడా కనీసం 64 బిట్ల స్థలం ఇస్తారు, ఆ కస్టమర్ రిక్వెస్ట్‌కో అడ్రసు మార్చినా అయిపోవు). అన్నిటికన్నా ప్రమాదం, ఐపీటేబుల్స్‌లో రూల్స్ అన్నీ జాగ్రత్తగా రాసి ఐపీ6టేబుల్స్‌ని గాలికొదిలేయడం. ముందు తలుపుకి మూడు తాళాలు, పెరటి తలుపు బార్లా! లైనక్సూ విండోసూ రెండూ ఐపీవీ6ని డిఫాల్ట్‌గా ఆన్ చేసే ఇస్తాయి. "మేం వాడట్లేదు" అనుకున్నంత మాత్రాన అది లేకుండా పోదు.

ఏదైనా కనెక్షన్ సమస్య వస్తే సపోర్ట్ వాళ్ళ మొదటి సలహా, "ఐపీవీ6 డిజేబుల్ చేసి చూడండి". అలా చేయొద్దని మైక్రోసాఫ్టే చెబుతున్నా సరే. మేం పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఐపీవీ6 టికెట్ ప్రతి రిలీజ్‌లోనూ "తర్వాతి రిలీజ్"కి వెళ్ళేది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ చేయనూ లేదు.

"పని నడుస్తోందిగా, ఇప్పుడెందుకీ గోల" అనేవాళ్ళతో నాకు కొంత ఏకీభావమే. ఆ అడ్రసులు ఫోన్లో చెప్పడానికి నోరు తిరగదు, నెట్‌వర్క్ టీమ్‌కి కొత్త అలవాటు, పాత పరికరాలు మార్చాలంటే డబ్బు. కానీ ఆగడానికీ ఇప్పుడు బిల్లు వస్తోంది. అమెజాన్ క్లౌడ్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకీ గంటకి అర సెంటు వసూలు చేస్తోంది. నెలకి మూడున్నర డాలర్ల పైమాటే. పెద్ద కంపెనీకి లెక్కలోది కాదు, సొంతంగా చిన్న ప్రాజెక్టు నడుపుకునే కుర్రాడికి మాత్రం అది భారమే.

రేపు పొద్దున్నే మొత్తం మార్చేయమని ఎవరూ అడగట్లేదు. కాలమ్ సైజు పెంచండి, లేదా ఐపీ కోసమే ఉన్న డేటా టైపు వాడండి. అడ్రసుని చేతిరాత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో కాకుండా లైబ్రరీతో చదవండి. లాగ్‌లో పోర్టు కూడా రాయండి. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఒక్కటైనా ఐపీవీ6తో నడపండి. ఇవేవీ బడ్జెట్ మీటింగ్ దాకా వెళ్ళాల్సినవి కావు.

మన దేశానికి ఐపీవీ4లో దక్కింది ఆఖరి బంతి. ఐపీవీ6లో అందరికీ సరిపడా వడ్డించారు. ఫోన్లలో జనం ఎప్పుడో కూర్చున్నారు కూడా. వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ రాసే మనమే ఇంకా బయట నిలబడ్డాం!

మీ ఆఫీసుల్లో ఈ టికెట్ ఏ రిలీజ్‌లో ఉందో చెప్పండి మరి :)