అప్పుల పద్దులో అస్తమించిన సామ్రాజ్యం

"హిట్లరే గనుక యుద్ధానికి దిగకపోయి ఉంటే బ్రిటీషువాళ్ళు ఇంకో యాభయ్యేళ్ళు మన దేశాన్ని వదిలేవారు కారు" అనే మాట మన చర్చల్లో తరచు వినిపిస్తుంది. దానికి పూర్తి విరుద్ధంగా, "యుద్ధానికీ మన స్వాతంత్ర్యానికీ సంబంధమే లేదు, అదంతా ఉద్యమఫలమే" అనేవారూ ఉన్నారు. నాకు ఈ రెండూ అర్ధసత్యాలుగానే తోస్తాయి. మహాయుద్ధాలు వలస సామ్రాజ్యాలను కూల్చిన మాట నిజమే. ఐతే అవి ఏ విధంగా కూల్చాయి, ఆ ఖర్చు ఎవరు భరించారు అనే ప్రశ్నలు వేసుకోకపోతే ఆ నిజం మనకేమీ నేర్పదు.

యుద్ధం జరిగినంత మాత్రాన సామ్రాజ్యం కుంగిపోతుందనుకుంటే మొదటి ప్రపంచయుద్ధమే ఆ అభిప్రాయాన్ని ఖండిస్తుంది. ఆ యుద్ధం ముగిశాక బ్రిటీషు సామ్రాజ్యం తగ్గలేదు సరికదా, మరింత పెరిగింది. తురుష్కులు పోగొట్టుకున్న పాలస్తీనా, ఇరాకు, జర్మనీ పోగొట్టుకున్న టాంగన్యికా నానాజాతి సమితి అప్పగింత అనే పేరుతో బ్రిటన్ ఏలుబడిలోకి వచ్చాయి. ఓడిన సామ్రాజ్యాల ఆస్తిని గెలిచిన సామ్రాజ్యాలు పంచుకున్నాయి, అంతే. ఆ యుద్ధం కోసం 10 లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. 70 వేల మందికి పైగా మరణించారు. మన ఖజానా నుంచి 10 కోట్ల పౌన్లు "కానుక"గా సమర్పించబడ్డాయి. ప్రతిఫలంగా 1919 మార్చిలో రౌలట్ చట్టం, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్ లభించాయి. ఆ యుద్ధం పాలకులపై ప్రజలకున్న నమ్మకాన్ని విరిచింది గానీ సామ్రాజ్యాన్ని విరవలేదు.

రెండవ యుద్ధంలో జరిగింది వేరు. వలసపాలన మూడు స్తంభాల మీద నిలబడి ఉంటుంది. ఒకటి, పాలకుడు అజేయుడనే భ్రమ. రెండు, పాలితుల్లోంచే తీసిన సైన్యం. మూడు, ఖజానా. ఈ మూడూ ఆరేళ్ళలో ఒకదాని వెంట ఒకటి బీటలు వారాయి.

మొదట పోయింది భ్రమ. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానుకు లొంగిపోయింది. మార్చి 8న రంగూను పోయింది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి తరతరాలుగా బర్మాకు వలసవెళ్ళిన మన తెలుగువాళ్ళతో సహా లక్షలాది భారతీయులు అడవులు, కొండలు పట్టి కాలినడకన పారిపోయి వచ్చారు. దారిలో ఆకలికి, జ్వరాలకు రాలిపోయినవారు వేలమంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. రక్షిస్తానన్నవాడు రక్షించలేడని ఆంధ్రతీరంలోని సామాన్యుడికి సైతం ఆనాడే అర్థమైంది. అదే ఏడాది ఆగస్టులో "క్విట్ ఇండియా" పిలుపు అంత త్వరగా పల్లెపల్లెకూ పాకడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

తరువాత ఖజానా. దీని గురించి మనవాళ్ళు తక్కువగా మాట్లాడతారు. 1939 నవంబరులో బ్రిటన్‌కూ భారత ప్రభుత్వానికీ ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం భారతదేశపు మామూలు రక్షణవ్యయం భారతదేశానిది, విదేశాల్లో జరిగే యుద్ధానికయ్యే వ్యయం బ్రిటన్‌ది. చూడడానికి న్యాయంగానే ఉంది. ఐతే బ్రిటన్ ఆ సొమ్మును రొక్కంగా చెల్లించలేదు. లండన్‌లో రిజర్వుబ్యాంకు ఖాతాలో పౌన్లు జమ రాసుకుంటూ పోయింది. ఆ జమను చూపించి ఇక్కడ రిజర్వుబ్యాంకు నోట్లు అచ్చువేసింది. ఆ నోట్లతో సైన్యానికి ధాన్యం, బట్ట, ఉక్కు, కలప కొన్నారు. సరుకు యుద్ధానికి వెళ్ళింది, నోట్లు దేశంలో మిగిలాయి. ధరలు ఆకాశాన్నంటాయి.

ఆ ధరలకు బలి అయింది 1943 నాటి బెంగాలు. బర్మా బియ్యం ఆగిపోవడం, 1942 అక్టోబరు తుపాను, జపానువాళ్ళ చేతికి చిక్కకూడదని పడవలను స్వాధీనం చేసుకోవడం ఇవన్నీ ఆ కరువుకు తోడయ్యాయి. అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించజూసింది ఇదే - తిండి లేక కాదు, దాన్ని కొనే శక్తి కూలివాడి చేతిలో లేక జనం చచ్చారని. మృతుల సంఖ్య 30 లక్షల దాకా ఉంటుందని అంచనా.

యుద్ధం ముగిసేనాటికి లెక్క తారుమారైంది. అంతకు మునుపు బ్రిటన్‌కు మనం పడ్డ బాకీ దాదాపుగా తీరిపోయి, బ్రిటనే మనకు సుమారు 130 కోట్ల పౌన్లు బాకీ పడింది. ఋణదాత ఋణగ్రస్తుడయ్యాడు. అప్పిచ్చినవాడి ఇంట్లో అప్పుపడ్డవాడు ఎంతకాలమని పెత్తనం చెయ్యగలడు ?

ఇక సైన్యం. 25 లక్షలకు చేరిన భారతసైన్యం యుద్ధానంతరం ఇంటిముఖం పట్టింది. 1945 నవంబరులో ఎఱ్ఱకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల మీద విచారణ మొదలైతే దేశం అట్టుడికింది. నేరం రుజువైందని తీర్పు చెప్పి కూడా ఆ ముగ్గురికీ వేసిన యావజ్జీవశిక్షను సైన్యాధిపతి రద్దుచెయ్యవలసివచ్చింది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నావికులు తిరగబడ్డారు. తుపాకి ఎటు తిరుగుతుందో తెలియని స్థితిలో ఏ సామ్రాజ్యమూ నిద్రపోలేదు.

అటు లండన్‌లో చేతిలో డబ్బు లేదు. 1945 డిసెంబరులో అమెరికా నుంచి 375 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నారు (దాని చివరి వాయిదా తీరినది 2006లో !). 1947 ఫిబ్రవరిలో ఒకే నెలలో మూడు నిర్ణయాలు వెలువడ్డాయి. పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్యసమితికి వదిలేశారు. గ్రీసు, టర్కీల భారం ఇక మొయ్యలేమని అమెరికాకు చెప్పారు. 1948 జూన్‌లోగా భారతదేశంలో అధికారం అప్పగిస్తామని ప్రకటించారు.

"అదంతా అట్లీ ప్రభుత్వపు ఔదార్యం" అనేవారికి నాదొక ప్రశ్న. అదే ప్రభుత్వం 1948లో మలయాలో తిరుగుబాటును అణచడానికి సైన్యాన్ని ఎందుకు దింపింది ? మలయా రబ్బరు, తగరం డాలర్లు సంపాదించిపెట్టేవి కనుక. బాకీ ఉన్న చోటును వదిలారు, రాబడి ఉన్న చోటును పట్టుకుని వేలాడారు. ఔదార్యానికి ఇలాంటి భూగోళశాస్త్రం ఉండదు.

పోర్చుగల్ ఉదాహరణ కూడా గమనించదగినది. రెండవ ప్రపంచయుద్ధంలో అది తటస్థంగా ఉంది. కనుకనే గోవాను 1961 దాకా, అంగోలా, మొజాంబిక్‌లను 1975 దాకా ఏలగలిగింది. చివరికి దాన్ని కూల్చింది కూడా యుద్ధమే. ఆ ఆఫ్రికన్ ప్రజలు 13 ఏళ్ళు దానిచేత యుద్ధం చేయించారు. విసిగిపోయిన సైనికాధికారులే 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో ప్రభుత్వాన్ని పడగొట్టారు. ప్రపంచయుద్ధం రాని చోట వలసప్రజలే యుద్ధం తెచ్చారన్నమాట.

కాబట్టి నా అభిప్రాయం ఇది. యుద్ధం సామ్రాజ్యాన్ని చంపదు, దాని లెక్కలు బయటపెడుతుంది. ఆ లెక్కలు చూపించి "ఇక దిగు" అని నిలదీసే ప్రజలుంటేనే సామ్రాజ్యం దిగుతుంది. 1919లో మన చేతిలో అంతటి ఉద్యమం ఇంకా రూపుకట్టలేదు. 1946 నాటికి కట్టింది. రెండు యుద్ధాల ఫలితాల్లో తేడాకు అదే ప్రధానకారణం.

హిట్లరుకు కృతజ్ఞత చెప్పేవారిని చూస్తే నాకు బాధ కలిగేది ఇందుకే. స్వాతంత్ర్యాన్ని మనకెవరూ ఉచితంగా పారెయ్యలేదు. సామ్రాజ్యాన్ని ఋణగ్రస్తం చేసిన ఆ 130 కోట్ల పౌన్లు బెంగాలు కూలివాడి విస్తరిలోంచి తీసినవి, పెరిగిన ధరలకు పస్తులున్న పేదల పొయ్యిలోంచి తీసినవి. స్వాతంత్ర్యం తరువాత ఆ బాకీ ప్రభుత్వాల మధ్య ఒప్పందాలతో క్రమంగా తీరింది. అసలు ఋణదాతలకు మాత్రం ఒక్క పైసా ముట్టలేదు. అప్పటికే వారు లేరు. స్వాతంత్ర్యసమరయోధుల జాబితాలో ఎన్నడూ చేరని వారి పద్దును కనీసం మన జ్ఞాపకంలోనైనా జమకట్టుకోవాలని నా మనవి.