ఓడ ఎక్కకముందే తేల్చుకోవలసినవి



పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు మన చర్లపల్లి, నాచారం, ఉప్పల్ ప్రాంతాలలోనూ ఉన్నాయి. చూడవచ్చిన తల్లిదండ్రులను పిల్లలు ప్రేమతో కరేబియన్ సముద్రంలో ఓడ విహారానికి తీసుకువెళ్తుంటారు. అల్లాహ్ సృష్టి వైచిత్రిని కన్నులారా చూడటం మంచిదే. అయితే రైలు ప్రయాణంలో మరచిన వస్తువును తరువాతి స్టేషనులో కొనుక్కోవచ్చు. ఓడ రేవు విడిచాక ఆ వీలు ఉండదు. కనుక ముఖ్యమైనవన్నీ నేలమీద ఉండగానే తేల్చుకోవాలి.

మొదటిది వీసా. ఫ్లోరిడాలోని మయామీ, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవుల నుండి ఈ ఓడలు బయలుదేరుతాయి. వేరొక దేశానికి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు అధికారులు మళ్ళీ పత్రాలు తనిఖీ చేస్తారు. తల్లిదండ్రుల వీసా పలుమార్లు ప్రవేశానికి అనుమతించేదై, తిరిగి వచ్చే రోజుకు గడువు మిగిలి ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు ముగిసి ఉంటే, ఉద్యోగ అనుమతి పొడిగింపు పత్రం ఒక్కటే చాలునని భావించరాదు. న్యాయవాదిని అడగకుండా టిక్కెట్టు కొనరాదు. నాలుగు రోజుల వినోదం కోసం జీవనోపాధిని చిక్కులలో పడవేయటం వివేకం కాదు. ఓడ ఆగే ప్రతి దేశపు నియమమూ వేరు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులను మెక్సికో విడిగా వీసా అడగదు. అన్ని దీవులూ అలా కాదు.

రెండవది ఖర్చు, ఆరోగ్యం. టిక్కెట్టు ధరలో గది, సాధారణ భోజనం ఉంటాయి. సిబ్బందికిచ్చే రోజువారీ బక్షీసు, ఇంటర్నెట్, రేవులలో విహారాలు, వైద్యుని రుసుము సాధారణంగా వేరు. మొత్తం లెక్కగట్టి, అప్పు చేయనవసరం లేకుంటేనే బయలుదేరండి. బీమా సముద్రంలో కూడా వర్తిస్తుందో లేదో ముందే విచారించండి. పెద్ద పెట్టెలు గదికి ఆలస్యంగా చేరుతాయి. మందులను చేతిసంచిలోనే ఉంచుకోండి. తల తిరిగే స్వభావం ఉన్నవారికి ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తు గది మేలు. జూన్ 1 నుండి నవంబరు 30 వరకు అక్కడ తుఫానుల కాలమని గుర్తుంచుకోండి.

మూడవది ఆహారం, నమాజు. హలాల్ మాంసం దొరుకుతుందా అని కంపెనీని ముందే అడగండి. లేదంటే చేపలు, శాకాహారం చాలు. వాటిలోనూ సారాయి, పంది కొవ్వు కలిపారేమో విచారించాలి. ఓడ మలుపు తిరిగితే ఖిబ్లా దిశ మారుతుంది. నమాజులో ఉండగా తెలిస్తే అటు తిరగాలి. ప్రయాణికుడు జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులను రెండేసి రకాతులుగా చేస్తాడు. ఫజ్ర్, మగ్రిబ్‌లు యథాతథం. ఓడ ఊగిసలాటకు నిలబడలేనివారు కూర్చుని చేయవచ్చు.

చివరగా, ఎక్కిన వెంటనే జరిగే ప్రాణరక్షణ శిక్షణకు అశ్రద్ధ చేయకండి. ఆంగ్లం రాని అమ్మానాన్నలకు ఏ ద్వారం వద్దకు చేరాలో పిల్లలు దగ్గరుండి చూపించాలి. రేవులో దిగినప్పుడు ఓడ గడియారాన్నే పాటించండి. ఆలస్యమైన వారి కోసం ఓడ ఆగదు. చేయవలసిన ఏర్పాట్లన్నీ చేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయటమే తవక్కుల్.