ఎత్తు, వయసు, ఒంటి మీద గుర్తు

ట్రినిడాడ్ అనగానే మనకు గుర్తొచ్చేది బ్రయాన్ లారా. పాతతరం క్రికెట్ అభిమానులైతే 1950లో ఇంగ్లండు బ్యాట్స్‌మెన్‌ను ముప్పుతిప్పలు పెట్టిన స్పిన్నర్ సన్నీ రామదిన్ పేరు కూడా చెబుతారు. ఆ పేరున్న మనిషి వెస్టిండీస్ జట్టులోకి ఎలా వచ్చాడన్న ప్రశ్నకు జవాబు చెబితే ఆ దీవి చరిత్రలో ఓ పెద్ద భాగం చెప్పేసినట్టే. 2011 జనగణనలో అక్కడ భారత సంతతివాళ్లు మూడోవంతుకు కాస్త పైన ఉన్నారు. ఆఫ్రికా సంతతివాళ్లూ ఇంచుమించు అంతే. (అందరికంటే ముందునుంచీ ఉన్న మూలవాసుల కథ వేరు. అది ఇంకో ఆదివారం చెప్పుకోవాల్సినంత ఉంది.)

అంటే అక్కడి హిస్టరీ టీచరు ముందు ఒకే బెంచీ మీద రెండు రకాల మనవలు కూర్చుని ఉంటారు. మా వాళ్లు ఇక్కడికెలా వచ్చారని అడిగితే పుస్తకం రెండు ముక్కల్లో చెబుతుంది. ఆఫ్రికావాళ్లను బానిసలుగా తెచ్చారు, భారతీయులు ఒప్పంద కూలీలుగా వచ్చారు. బట్టీ పట్టడానికి బాగానే ఉంటుంది. ఒకప్పుడు ఈ మాత్రం కూడా లేదు. పరీక్ష పేపర్లు ఇంగ్లండు నుంచి వచ్చేవి. ఆ దేశ తొలి ప్రధాని ఎరిక్ విలియమ్స్ స్వయంగా చరిత్రకారుడు కాబట్టి, 1962లో స్వాతంత్య్రం వచ్చే వేళకు తమ ప్రజల చరిత్రను తనే పుస్తకంగా రాసి పెట్టాడు. 1972లో కరీబియన్ దేశాలు సొంత పరీక్షల మండలి పెట్టుకున్నాయి. 1979 నుంచి కరీబియన్ చరిత్ర పరీక్షలో ఒక సబ్జెక్టు అయింది.

సిలబస్ మారింది, మంచిదే. కానీ పిల్లవాడికి చరిత్ర ఒంటికి తగలాలంటే పుస్తకం పక్కన పెట్టి, ఆనాటి అసలు కాగితాల నకళ్లు చేతికివ్వాలి. ట్రినిడాడ్ విషయంలో అందుకు రెండు కాగితాలు చాలు.

మొదటిది 1813 నాటి బానిసల రిజిస్టరు. బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. బానిసత్వాన్ని కాదు, వ్యాపారాన్ని మాత్రమే. దాంతో దొంగచాటుగా కొత్తవాళ్లను దించుతారేమోనన్న అనుమానం వచ్చింది. ఉన్నవాళ్లందరినీ నమోదు చేస్తే కొత్త మనిషి వచ్చినప్పుడు దొరికిపోతాడు కదా! ఆ ప్రయోగం మొదట ట్రినిడాడ్‌లోనే చేశారు. యజమానులు ఇచ్చిన వివరాలతో 25 వేల మందికి పైగా అందులోకి ఎక్కారు. పేరు, పని, వయసు, ఎత్తు, పుట్టిన దేశం, ఒంటి మీద గుర్తులు. మనిషి తప్పిపోతే పోల్చుకోవడానికి పనికొచ్చే గళ్లన్నీ ఉన్నాయి. అతనికేం ఇష్టమో, ఏ పాట పాడేవాడో రాయడానికి గడి లేదు.

ఇలాంటి పేజీ పిల్లల ముందు పెడితే వాళ్లే తవ్వుకుంటారు. వయసులు చూడమనండి. 30, 40 దగ్గర కుప్పపడి ఉంటాయి. ఎందుకు? ఆఫ్రికాలో పుట్టిన మనిషి వయసు యజమానికి తెలియదు, చూపుతో అంచనా కట్టాడు. ఎత్తుల సగటు తీయమనండి. చరిత్రకారులు ఆ ఎత్తులతోనే వాళ్లకు తిండి ఏపాటి దొరికేదో లెక్కగట్టారు. హిస్టరీ క్లాసులో లెక్కలేంటని ఏ తల్లయినా అడిగితే ఆమెకూ ఆ పేజీ చూపించొచ్చు. ఆ తర్వాత అడగాల్సిన అసలు ప్రశ్న, ఇది ఎవరు, ఎందుకు రాశారు? దొంగ రవాణా ఆపడానికి పెట్టిన ఈ రిజిస్టర్లే 1834లో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం లెక్కకు పనికొచ్చాయి. 2 కోట్ల పౌన్లు. అవి ముట్టింది యజమానులకు. రిజిస్టర్లో పేరున్నవాళ్లకు దమ్మిడీ రాలేదు.

రెండోది భారతీయ కూలీల నమోదు కాగితం. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ సుమారు 225 మందితో కలకత్తా నుంచి వచ్చి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరింది. 1917 వరకు అలా లక్షా నలభై వేల మందికి పైగా దిగారు. వాళ్ల కాగితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా. చివర్లో ఎత్తు, ఒంటి మీద గుర్తు.

రెండు పేజీలూ పక్కపక్కన పెడితే ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఆ చివరి గళ్ల దగ్గర ఆగుతారు. తేడా కూడా వాళ్లకే కనిపిస్తుంది. ఒక కాగితంలో తండ్రి పేరుంది, ఊరుంది. ఇంకోదానిలో యజమాని పెట్టిన పేరు, ఏదో ఒక జాతి లేదా దేశం పేరు. కూలీది అయిదేళ్ల ఒప్పందం. అనుమతి చీటీ లేకుండా తోట దాటితే జైలు, నిజమే. కానీ అతన్ని అమ్మలేరు, అతని బిడ్డ యజమాని సొత్తు కాదు. ఆ రిజిస్టర్లు పట్టుకుని పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ ఇండియా వచ్చినవాళ్లున్నారు. ఆఫ్రికా సంతతి పిల్లవాడికి 1813 పేజీ అంత దారి చూపించదు.

ఇక్కడే టీచరుకు కష్టం. మా తాత ఎక్కువ బాధపడ్డాడంటే మా తాత అని క్లాసు రెండు జట్లయితే చదువు చెడుతుంది. అక్కడి రాజకీయాల్లో ఆ చీలిక ఉండనే ఉంది. అలాగని రెండూ ఒకటేనని సర్దిచెప్పడం అబద్ధం. నా మటుకు, పిల్లలను బానిసలుగా, యజమానులుగా నటింపజేసే పాఠాలు వద్దంటాను. కాగితం చదివించి, ఇద్దరిద్దరిగా ప్రశ్నలు రాయించడమే మేలు.

కొన్ని ఓడలు మద్రాసు నుంచీ వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరికీ కలిపి ‘మద్రాసీ’ అన్న ఒక్క మాటే మిగిలింది. మన పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపించి, ఏ స్పెల్లింగులో పడ్డాయో ఊహించుకోవచ్చు.

మరి వాళ్ల గొంతు వినాలంటే? బెర్ముడాలో పుట్టి, టర్క్స్ దీవిలో ఉప్పు మళ్లలో పనిచేసి, ఆంటిగ్వా మీదుగా లండన్ చేరిన మేరీ ప్రిన్స్ తన కథ చెప్పింది. 1831లో అచ్చయింది. అదీ ఆమె చెబుతుంటే ఒకరు రాసుకుని, ఇంకొకరు సరిదిద్దినది. అందులో ఆమె మాట ఎంత, వాళ్ల మాట ఎంత అని పిల్లలతో చర్చ పెట్టొచ్చు.

1813 రిజిస్టరులో ఇంకో విశేషం ఉంది. తోటల్లోని బానిసలను రాసేటప్పుడు తల్లీబిడ్డలను, కుటుంబాలను ఒకచోట చేర్చి, ఎవరికి ఎవరేమవుతారో కూడా రాశారు. మనిషిని సరుకుగా రాసుకున్న ఆ పేజీలోంచే ఏ తల్లికి ఏ బిడ్డో ఏరి, చార్టు మీద వంశవృక్షం గీయమని పిల్లలకు పని ఇవ్వొచ్చు. ఒక్క పీరియడ్ చాలదు, రెండు పెట్టుకోవాలి.