తల్లిమీద మోపరాని నింద

రాయచూరు జిల్లాలోని యరమరస్ పేరు వినగానే నేడు పలువురకు స్ఫురించునది రెండు 800 మెగావాట్ల యూనిట్లతో వెలసిన అచ్చటి తాపవిద్యుత్కేంద్రము. కాని నేను చెప్పబోవునది ఆ సీమ వియ్యముల మాట. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి, రాయచూరు మైసూరు రాష్ట్రమునను, అంతవరకు అదే జిల్లాలోనుండిన గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునను చేరినను, హద్దులు మారినంతమాత్రమున వియ్యములు తెగిపోలేదు. ఈ సీమ తెలుగు కుటుంబములలో అక్క కూతురిని తమ్మునికిచ్చుట, మేనత్త కొడుకునకు మేనమామ బిడ్డనిచ్చుట నేటికిని కలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో ఇంచుమించు నాలుగింట ఒక వివాహము రక్తసంబంధీకుల నడుమ జరిగినదే. ఆ ఆచారమును తూలనాడుట నా ఉద్దేశము కాదు. కష్టకాలమున ఆదుకొనువారు మనవారేయను నమ్మికనుండి అది పుట్టినది. దాని వెంట వచ్చు ఒకానొక దుఃఖమునకు కారణమును మాత్రము దాచరాదు.

ఆటోసోమల్ రిసెసివ్ పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధియని వైద్యులు పిలుచు జన్మవ్యాధియే ఆ దుఃఖమునకు మూలము; అది సుమారు 20,000 జననములలో ఒకరికి సంభవించును. పెద్దవారి కిడ్నీలో అప్పుడప్పుడు కనబడు ఒంటి నీటిబుడగతో దీనిని కలగలుపరాదు. ఇందు రెండు మూత్రపిండములును చెడును. మూత్రమును చేరవేయు సన్నని నాళములే ఉబ్బి, విడివిడిగా కంటికానని సూక్ష్మకోశములై నిండుటచే, ఐదవ నెల దాటిన పిమ్మట తీయు స్కానింగులో ఆ మూత్రపిండములు మిక్కిలి పెద్దవై, తెల్లగా మెరయుచు కనబడును. నడిగర్భమునుండి ఉమ్మనీరు చాలవరకు పిండము విడుచు మూత్రమే. అది తగ్గినచో ఊపిరితిత్తులు వికసింపవు. అందుచేతనే ఈ శిశువులలో దాదాపు మూడవవంతు పుట్టిన కొలది దినములకే కన్నుమూయుట మూత్రపిండముల వైఫల్యముచేత గాక, ఊపిరాడకపోవుటచేత. బ్రతికి బట్టకట్టినవారిని అధిక రక్తపోటు, కాలేయము గట్టిపడుట వెంటాడును. పలువురకు డయాలిసిస్, కడకు మూత్రపిండమార్పిడి తప్పవు.

ఇట్టి బిడ్డ పోయిన ఇంట నింద పడునది తల్లిమీద. గ్రహణమునాడు వెలుపలికి వచ్చినదందురు, కోడలు కాలుపెట్టిన వేళ మంచిది కాదందురు. ఇంతకంటె అన్యాయమైన మాట లేదు. 2002లో కనుగొనబడిన పీకేహెచ్‌డీ1 అను జన్యువులోని దోషము తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి చేరిననే గాని ఈ వ్యాధి కలుగదు. సుమారు 70 మందిలో ఒకరు ఆ దోషమును తమకు తెలియకయే, ఏ బాధయు లేకయే మోయుచుందురు. అట్టి ఒకరున్నచో, వంశక్రమమున అదే దోషము మేనత్త కొడుకుకో, మేనమామ కూతురికో దక్కియుండు అవకాశము ఎనిమిదింట ఒకటి. మేనమామ, మేనకోడలు దంపతులైనచో నాలుగింట ఒకటి. ఇరువురకును ఉన్నచో ప్రతి కాన్పునందును బిడ్డకు నాలుగింట ఒకపాలు ముప్పు ఉండును. మొదటి బిడ్డకు వచ్చినది గనుక రెండవ బిడ్డకు రాదను ఊరట దబ్బర.

2021లో భారత ప్రభుత్వము ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానములో, మూత్రపిండమార్పిడి అవసరమగు రోగముల పట్టికయందు ఈ వ్యాధి పేరు స్పష్టముగా ఉన్నది. 2022నుండి సహాయము 50 లక్షల రూపాయలవరకు పొందవచ్చును. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రితో కూడి డీఎన్‌ఏ పరీక్షాకేంద్రమైన సీడీఎఫ్‌డీ, బెంగుళూరులో ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థతో కూడి మానవ జన్యుశాస్త్ర కేంద్రము ఇందుకు నియమింపబడినవి. కాని మరణించిన శిశువు రక్తము జన్యుపరీక్షకై నిలువజేయక ఖననము జరిగిపోయినచో, దోషము ఎచ్చటనున్నదో నిశ్చయముగా తెలిపెడి ఆధారమును కుటుంబము కోలుపోవును. ఆ ఆధారమున్ననాడు మరుకాన్పున మూడవ నెలలోనే పరీక్షించి చెప్పవచ్చును.

కావున రాయచూరు వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులకు, యరమరస్ వంటి గ్రామముల ఆశా కార్యకర్తలకు నా విన్నపము: ఇట్టి శిశువు దక్కదని తోచినపుడు, తల్లిదండ్రుల సమ్మతితో కొంచెము రక్తమును తీసి జన్యుపరీక్షకై భద్రపరచుడు, ఆ ఫలితమును తల్లికొక్కతెకే గాక, అత్తమామలను కూడ కూర్చుండబెట్టి, వారి ఎదుటనే తెలుగులో విప్పి చెప్పుడు.