థర్డ్ పార్టీ బీమా ఉంటే నిశ్చింత అని ఎలా రాశారు?

సంపాదకుల వారికి,

గత ఆదివారం అనుబంధంలో బైకు ప్రమాదాల మీద వచ్చిన వ్యాసం చదివి మా ఇంట్లో అందరికీ కడుపు మండింది. థర్డ్ పార్టీ బీమా కట్టి ఉంటే కుటుంబం నిశ్చింతగా ఉండవచ్చని పెద్దక్షరాల్లో వేశారు. ఏ కుటుంబం? ఆ బండి వెనక కూర్చున్న భార్యకు ఆ పాలసీ కింద ఒక్క రూపాయి రాదు. ఈ సంగతి వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు.

మా ఆడపడుచు మిషన్ కుట్టి ఇల్లు నడుపుకునే మనిషి. రాత్రిపూట భర్తతో బండి మీద పెళ్ళినుంచి తిరిగొస్తుంటే దారిలో స్పీడ్‌బ్రేకర్ కనపడలేదు. బండి ఎగిరింది, వెనకున్న ఆమె రోడ్డు మీద పడింది. ఎదురుగా లారీ లేదు, కారు లేదు. కుడి తొడ ఎముక విరిగింది, లోపల రాడ్ వేశారు. ఆస్పత్రిలో ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) రాసుకున్నారు, ఊండ్ సర్టిఫికెట్‌లో తీవ్ర గాయమని ఇచ్చారు. తీరా స్టేషన్‌కి వెళితే, పరిహారం అడగాలంటే బండి నడిపినవాడి మీద, అంటే భర్త మీదే, నిర్లక్ష్యం కేసు పెట్టాలన్నారు. కాలు కదపలేని స్థితిలో, మొగుణ్ణి ముద్దాయిని చేసే కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. పక్కనే నిలబడి పెట్టమని చెప్పింది ఆయనే.

అంతా అయ్యాక వకీలు పాలసీ కాగితం చూసి పెదవి విరిచాడు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. షోరూములో దాంతోపాటు బండి సొంత నష్టానికి బీమా కడతారు గానీ, అది చాలా బళ్ళకు ఏడాదికే. ఏడాది తిరిగాక దాన్ని రెన్యూవల్ చేసేవాళ్ళు ఎంతమంది? కాగితం మీద మాత్రం అయిదేళ్ళ తేదీ కనబడుతూనే ఉంటుంది. మా వాళ్ళూ ఆ తేదీ చూసే బీమా ఉందనుకున్నారు. మిగిలింది ఉత్త థర్డ్ పార్టీ. అలాంటి పాలసీ వెనక కూర్చున్నవారికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే తిలక్ సింగ్ కేసులో చెప్పింది. ఆ రెండు బీమాలూ కలిసిన ప్యాకేజీ పాలసీ అయితే వాళ్ళకూ వర్తిస్తుందని 2009లో బీమా నియంత్రణ సంస్థ సర్క్యులర్ ఇచ్చింది, 2012లో బాలకృష్ణన్ కేసులో కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంది. ఇన్నేళ్ళుగా తెలిసిన విషయం బండి అమ్మే కౌంటర్లో ఎందుకు చెప్పరు?

మీ వ్యాసకర్త 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా గురించి కూడా గొప్పగా రాశారు. అది బండి యజమాని స్వయంగా నడుపుతున్నప్పుడు ఆయనకు మాత్రమే. అదీ ప్రాణం పోతేనో, కాలో కన్నో శాశ్వతంగా పోతేనో. విరిగిన ఎముకకు ఆస్పత్రి బిల్లు అందులో రాదు. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం మంచిదే, లక్షన్నర దాకా ఇస్తుంది, కానీ ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులకే. తొడ ఎముక ఏడు రోజుల్లో అతుక్కోదు. మా ఆడపడుచు ఇప్పటికీ మోకాలు పూర్తిగా వంచలేకపోతోంది. మిషన్ ముందు కూర్చుంటే కుడికాలు పెడల్ మీద ఆనుతుంది గానీ నొక్కడానికి బలం చాలదు. దర్జీ పనికి కాలే ఆధారం. వైకల్యం శాతం ఎంతని కాదు, దానివల్ల ఆ మనిషి సంపాదన ఎంత పోయిందో చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ కేసులో చెప్పింది. అయితే ఆ లెక్క వేయించుకోవడానికి ముందు డబ్బు కట్టే పాలసీ ఒకటి ఉండాలి కదా!

ఇంకో మాట. ఆ ప్రమాదం వార్త మీ జిల్లా పేజీలోనే వచ్చింది. ‘బైకు అదుపు తప్పి దంపతులకు గాయాలు’. మూడు వాక్యాలు. స్పీడ్‌బ్రేకర్ ఊసే లేదు! దాని మీద పెయింటు గీతలుండాలి, ముందే హెచ్చరిక బోర్డుండాలి అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనలున్నాయి. అక్కడ రెండూ లేవు. విలేకరి ఒక్కసారి ఆ చోటికి వెళ్ళి చూసి ఉంటే, నడిపినవాడిదే తప్పన్నట్టు రాసేవాడు కాదు. ఊళ్ళో ఆ కుటుంబం తలదించుకోవలసి వచ్చింది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. మన ఊళ్ళలో వెనక సీటు ఎప్పుడు ఖాళీగా ఉంటుంది? భార్యో, తల్లో, కాలేజీకి వెళ్ళే కూతురో ఉంటుంది. చట్టం తప్పనిసరి చేసిన బీమాలో వాళ్ళకు చోటు లేకపోవడం ఘోరం, దాన్ని మార్చమని మీ పత్రిక గట్టిగా అడగాలి.

ఈలోగా వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్దక్షరాల్లో సవరణ వేయండి. పాలసీలో ‘లయబిలిటీ ఓన్లీ’ (ఉత్త థర్డ్ పార్టీ) అని ఉందా, ‘ప్యాకేజీ’ అని ఉందా, సొంత నష్టం బీమా ఏ తేదీతో ముగిసింది, వెనక కూర్చున్నవారికి విడిగా ప్రీమియం కట్టారా అన్న మూడూ ఇవాళే చూసుకోమని పాఠకులకు చెప్పండి.

ఒక పాఠకురాలు,
ఖమ్మం జిల్లా